పళ్ళ మధ్య వల అంచు

జూన్ 8, ఆదివారం

కొత్త నోటుబుక్కు. పాత డైరీలన్నీ పోయినేడు బుడమేరు వరదలో పోయాయి. సింగ్‌నగర్‌లో కింది వాటాల్లో ఉన్నవాళ్ళెవరికీ పాతది అంటూ ఏదీ మిగల్లేదు కాబట్టి దాని గురించి ప్రత్యేకంగా ఏడవడం అనవసరం. ఇప్పుడు నేనూ అమ్మా మేడ మీది వాటాలోకి మారాం.

నిన్న గవర్నర్‌పేటలో రామకోటేశ్వరరావు గారి ప్రెస్సుకి వెళ్ళాను. పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తారాయన. మా స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్లు సగం కోసి లెక్కలకి ఇచ్చేశాక నా దగ్గర తీరిక, ఉక్రోషం రెండూ దండిగా ఉన్నాయి. ఆయన పుస్తకాల్లో ఒక కొత్త వరస మొదలుపెడుతున్నారట. పట్టుదల మీద. అనుకున్నది సాధించే పిల్లల కథలు, ఆరేడేళ్ళ వాళ్ళకి.

"మీ దగ్గర ఏమైనా ఉందా స్టెల్లా గారూ?" అని అడిగారు.

ఉండేదండీ అన్నాను. చేపలు పట్టేవాళ్ళ పిల్ల, పేరు గంగ, విసురు వల విసరడం నేర్చుకునే కథ. ఇరవై నాలుగు పేజీలు, రంగులతో సహా పూర్తయింది. వరదలో పోయింది.

ఆయన కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు. తర్వాత, "మళ్ళీ గీయండమ్మా. వరసలో మొదటి పుస్తకం మీదే. నవంబరు ఆఖరుకి చేతికిస్తే జనవరిలో పుస్తకాల పండక్కి తెచ్చేద్దాం" అన్నారు.

నాకు నలభై మూడేళ్ళు. అట్ట మీద నా పేరుతో ఇంతవరకు ఒక్క పుస్తకం లేదు. ఇది కావాలి నాకు. ఎంత కావాలంటే, బస్సులో వస్తూ రెండు స్టాపులు దాటిపోయాను.

జూన్ 9

అమ్మకి చెప్పాను. "పూర్తయిన పుస్తకమా?" అంది. మళ్ళీ చిక్కుడుకాయలు వలుచుకోసాగింది. పెద్దదైపోయింది, అమ్మకి అన్నీ గుర్తుండవు.

జూన్ 22, ఆదివారం

అయిపోయింది! పద్నాలుగు రోజుల్లో ఇరవై నాలుగు పేజీలు. పెన్సిలు గీతలు, పైపైన రంగులు. వరదలో పోయినదాని కంటే బాగా వచ్చింది. అట్ట మీద గంగ పడవ ముందు నిలబడి నోరారా నవ్వుతూ వల విసురుతుంటుంది. ఆ నవ్వు చూసి నాకే ముచ్చటేసింది.

రామకోటేశ్వరరావు గారికి ఒక పద్ధతి ఉంది. ఏ పుస్తకమైనా అచ్చు వేసేముందు నమూనా పట్టుకుని పామర్రులో ఒక సర్కారు బడికి వెళ్తారు. అక్కడ తెరేసమ్మ గారని టీచరు. ఆవిడ రెండో తరగతికి చదివి వినిపిస్తుంటే ఈయన ఇంకో నమూనా పట్టుకుని వెనక బల్ల మీద కూర్చుంటారు. పుస్తకం చూడరు, పిల్లల్ని చూస్తారు. ముగ్గురు పిల్లలు ఒకేసారి దిక్కులు చూశారంటే ఆ పేజీ మూల మడిచేస్తారు. రెండు మడతల దాకా సరిదిద్దుకోవచ్చు. అంతకు మించితే పుస్తకం వెనక్కి.

విజయవాడ పిల్లలకి ఎందుకు చదివించరు అంటే, "వాళ్ళకి మర్యాద నేర్పేశారమ్మా. బోరు కొట్టినా చూస్తారు" అన్నారు.

జూన్ 28, శనివారం

తొమ్మిది మడతలు.

మొదటిది ఆరో పేజీలోనే పడింది. అప్పటికి గోడ మీద ఒక బల్లి పురుగును పట్టింది. పిల్లలంతా అటే చూశారు. బల్లి గెలిచింది.

పుస్తకం అయిపోయాక ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల లేచి అడిగింది, "టీచర్, ఆ పిల్లకి అయిదో పేజీలోనే వల వచ్చేసింది గదా. మరి మిగతాదంతా ఎందుకు?"

నిజమే. ఆరో పేజీ నించి నేను గీసినవన్నీ సంబరాలే. ఊరంతా చప్పట్లు, మెడలో దండ, అమ్మ ముద్దు, నాన్న ముద్దు, చేపల ముద్దు.

తిరిగి వస్తుంటే బస్సులో రామకోటేశ్వరరావు గారు నెమ్మదిగా అడిగారు. "అమ్మా, వల విసరడం దగ్గర్నించి చూశారా మీరు?"

చూశానండీ అన్నాను. ప్రకాశం బ్యారేజీ మీద బస్సులోంచి చూడటం కూడా చూడటమే.

"మరోసారి చూడండి. ఇబ్రహీంపట్నం రేవులో అంకాలమ్మ అని ఉంది. ఎవర్నడిగినా చెప్తారు." మడతల గురించి ఒక్క మాట కూడా అనలేదు. పైగా, "వరదలో పోయిన పుస్తకాన్ని గుర్తు చేసుకుని గీయడం ఎంత కష్టమో నాకు తెలుసులేమ్మా" అన్నారు. ఆ మాటకి తొమ్మిది మడతల కంటే ఎక్కువ మంట పుట్టింది. ఎందుకో.

జూలై 6, ఆదివారం

ఇబ్రహీంపట్నం. తెల్లవారకుండానే బయల్దేరాను. చర్చికి రావడం లేదని అమ్మ అలిగింది.

అంకాలమ్మ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. వాళ్ళ అన్న పోలరాజు పడవ నడుపుతాడు, ఈవిడ వల విసురుతుంది. మామూలుగా ఆడవాళ్ళు విసరరట. "మా అన్న చెయ్యి భుజం కాడ పట్టేసింది. పడవ ఊరుకుంటదా? నేను ఎత్తుకున్నా" అంది.

నమూనా తీసి అట్ట బొమ్మ చూపించాను. చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నవ్వి నవ్వి ఇసకలో కూలబడింది.

"అన్నా, ఇటు రా! ఈ పాపకి పళ్ళు చూడు!"

పోలరాజు వచ్చి చూశాడు. ఆయనా నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పళ్ళకేమైందండీ? నవ్వుతోంది గదా."

"అదేనమ్మా నేననేది. పళ్ళన్నీ బయటుంటే వల దేంతో పట్టుకుంది?"

అప్పుడు లేచి చూపించింది. తాడు ఎడమ మణికట్టుకి వేసుకుంది. వలని మడతలుగా ఎత్తి కొంత ఎడమ మోచేతి మీద వేసుకుంది, కొంత కుడి చేతిలోకి తీసుకుంది. సీసం గుండ్లు వేలాడే అంచు ఒకటి మిగిలింది. దాన్ని ఎత్తి పళ్ళ మధ్య పెట్టుకుంది. మనిషికి ఉన్నవి రెండు చేతులు, వలకి కావాల్సినవి మూడు. మూడో చెయ్యి నోరు.

నడుము ఒక్క తిప్పు తిప్పింది. ముందు చేతులు వదిలాయి, ఆఖర్న పళ్ళు వదిలాయి. వల గాల్లో విచ్చుకుని పెద్ద పళ్ళెంలా నీళ్ళ మీద పడింది. అంచంతా ఒకేసారి మునిగింది.

"ఇసిరేటప్పుడు ఎవురూ నవ్వరమ్మా. నవ్వితే ముద్దగా పడిద్ది" అంది తువ్వాలుతో నోరు తుడుచుకుంటూ.

జూలై 7

పాతికేళ్ళుగా మా చర్చి సండే స్కూలుకి బొమ్మల చార్టులు గీస్తున్నాను. పాస్టరమ్మ గారిది ఒక్కటే షరతు. పిల్లలు భయపడకూడదు, అందరూ నవ్వుతూ ఉండాలి. కాబట్టి నా చేతి కింద చేప కడుపులో యోనా నవ్వుతాడు. గుహలో దానియేలు నవ్వుతాడు, సింహాలూ నవ్వుతాయి. నుదుట రాయి తగిలి వెల్లకిలా పడుతున్న గొల్యాతు కూడా నవ్వుతూనే పడతాడు.

మొహం గీయగానే నా పెన్సిలు దానంతటదే నవ్వు గీసేస్తుంది. అది నా చేతి తప్పు కాదు, చేతికి పట్టిన అలవాటు.

జూలై 13, ఆదివారం

బొమ్మ గీసుకుంటాను, మీరు విసురుతూ ఉండండి అన్నాను. అంకాలమ్మ ఒప్పుకోలేదు. "చూసి గీస్తే మళ్ళీ పళ్ళే గీస్తావు. పట్టుకో."

తడి వల ఎంత బరువుంటుందో నాకెవరూ చెప్పలేదు. నోట్లో పెట్టుకోగానే బురద, నాచు, పాత చేపల రుచి. వాంతి వచ్చినంత పనయింది. విసిరాను. వల నాకు మూరెడు దూరంలో, ఉతికి పిండిన దుప్పటిలా దభీమని పడింది. నేనూ దాని వెనకే పడ్డాను.

పోలరాజు పడవలోంచి కేకేశాడు. "చేపలకి దెబ్బలు తగిలుంటాయమ్మా!"

జూలై 20

ముద్ద.

జూలై 27

ముద్ద. చర్చి మానేయడం ఇది నాలుగో ఆదివారం. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

ఆగస్టు 3

ముద్ద. దవడ నొప్పి. అన్నం నమలలేక పెరుగన్నం జుర్రుకుంటుంటే అమ్మకి నవ్వాగలేదు. మాట్లాడుతోంది మళ్ళీ.

ఆగస్టు 17, ఆదివారం

నదికి నీళ్ళు ఎక్కువగా వస్తున్నాయి. రేవులోకి దిగొద్దని అంకాలమ్మ ఫోను చేసింది.

పాత దుప్పటి అంచుకి ఇనప నట్లు కుట్టుకుని డాబా మీద విసురుతున్నాను. కింది వాటా వెంకటరత్నమ్మ గారు పైకి వచ్చి, నేను దుప్పటి కొరికి పట్టుకుని ఉండటం చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. సాయంత్రానికి అమ్మని అడిగారట, "అమ్మాయికి ఒంట్లో బాగుంటోందా?" అని.

అమ్మ ఏం చెప్పిందో తెలుసా? "పుస్తకం రాస్తోందండీ" అని.

సెప్టెంబరు 1, సోమవారం

ఏడాదయింది.

రాస్తే గానీ లాభం లేదు. ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు. అయినా దీనికి కూడా అబద్ధం చెప్పాను. జూన్ 8న చెప్పాను, జూన్ 22న మళ్ళీ చెప్పాను.

ఇరవై నాలుగు పేజీలు లేవు. ఉన్నవి మూడు బొమ్మలు. అందులో ఒకదానికి సగమే రంగు. పదకొండేళ్ళుగా ఆ మూడే. సెలవుల్లో చేద్దాం అనుకోవడం, సెలవులు అయిపోవడం. ఎవరైనా అడిగితే "అవుతోంది" అనేదాన్ని.

ఆ రోజు నీళ్ళు గుమ్మం దాటినప్పుడు నేను అమ్మ బైబిలు, బీపీ మాత్రలు మేడ మీదికి చేర్చాను. మిక్సీ కోసం రెండుసార్లు దిగాను. బొమ్మల ఫైలు అలమరలో మూడో అరలో ఉంది. చెయ్యి చాస్తే అందేది. చాచలేదు. నీళ్ళు మూడో అరకి చేరాయని మెట్ల మీంచి చూసినప్పుడు గుండెల్లో ఎక్కడో హమ్మయ్య అనిపించింది. ఇక ఎవరూ అడగరు. అడిగినా జవాబు ఉంది.

పక్క వీధిలో వాళ్ళకి నిజంగానే అన్నీ పోయాయి. పిల్లల పుస్తకాలు, పెళ్ళి ఫోటోలు, కుట్టు మిషన్లు. వాళ్ళ నష్టం పక్కన నా అబద్ధం కూడా తీసుకెళ్ళి నిలబెట్టాను. సిగ్గుగా ఉంది.

అమ్మకి మొదట్నించీ తెలుసు. ఆవిడకి అన్నీ గుర్తున్నాయి.

సెప్టెంబరు 13, శనివారం

రామకోటేశ్వరరావు గారు ఫోను చేసి వెనక అట్ట మీద వేయబోయే మాటలు చదివి వినిపించారు. "వరద నీళ్ళు ఈ పుస్తకాన్ని మింగేశాయి. చిత్రకారిణి చెయ్యి మాత్రం ఆగలేదు. పేజీ పేజీ గుర్తు తెచ్చుకుని మళ్ళీ గీసింది. పట్టుదల అంటే ఇదీ!"

"ఎలా ఉందమ్మా?"

బాగుందండీ అన్నాను. ఫోను పెట్టేశాక మంచినీళ్ళు తాగాను. ఇంకా తాగాను.

ఫోను స్పీకరులో ఉంది, అమ్మ వినేసింది. "పట్టుదల గురించి పిల్లలకి పుస్తకమా ఇది?" అని అడిగింది. అవునన్నాను. "అయితే అట్ట మీదే వాళ్ళకి అబద్ధం చెప్తావన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

సెప్టెంబరు 26, శుక్రవారం

దసరా సెలవులు. నీళ్ళు కాస్త తగ్గాయని అంకాలమ్మ రమ్మంది. రేవుకి పక్కన లోతు లేని మడుగు ఉంది, అందులో నేర్పుతోంది. మూడు రోజుల్నించి రోజూ వెళ్తున్నాను.

ఈ రోజు ఒక మంచి సంగతి తెలిసింది. వల సరిగ్గా పడకపోతే అన్నిసార్లూ ఒకేలా పడదట. నాకు అన్నీ ముద్దల్లాగే కనిపించేవి. అంకాలమ్మ వాటికి పేర్లు పెట్టి పిలుస్తుంది. తాడు బిగిస్తే "చీపురు". నడుం తిప్పకపోతే "అరటిగెల". గాలికి ఎదురు విసిరితే "తిరగబడ్డ గొడుగు". పళ్ళు ముందే వదిలేస్తే "ఏనుగు చెవి", ఒక పక్కే తెరుచుకుని రెండో పక్క వేలాడుతుంది. అసలేదీ కుదరకపోతే ముద్ద.

"నువ్వు ముద్ద నించి ఏనుగు చెవి దాకా వచ్చావమ్మా. మా అన్నకి దానికే ఏడాది పట్టింది" అంది.

ఇసకలో కూర్చుని అక్కడే గీయడం మొదలుపెట్టాను. చీపురు గీశాను. అరటిగెల గీశాను. గంగ తిరగబడ్డ గొడుగు కింద తడిసి నిలబడి ఉంది. పామర్రు పిల్ల అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు. పుస్తకమంతా ఇవే. ఒక్కో ఓటమికీ ఒక పేరు, ఒక ఆకారం, రెండేసి పేజీలు. గెలుపు చివర్న ఒక్కసారి చాలు.

గంగ నోటి నిండా వల. నవ్వు ఎక్కడా లేదు. పెన్సిలు రెండుసార్లు నవ్వు గీయబోయింది. వేలితో చెరిపేశాను.

సెప్టెంబరు 30

తెరుచుకుంది.

అక్టోబరు 1

నిన్న ఆ ఒక్క మాట రాసేసరికే నిద్ర ముంచుకొచ్చింది.

ఉదయం ఏడింటికి. ఎన్నోసారో తెలీదు, అంకాలమ్మ లెక్క పెట్టనివ్వదు. నడుం తిరిగింది, చేతులు వదిలాయి, పళ్ళు ఒక్క క్షణం ఆగి వదిలాయి. వల గాల్లో తెరుచుకుంది. నాది! గుండ్రంగా కూడా కాదు, కొంచెం దోసకాయ ఆకారం. అయినా అంచంతా ఒకేసారి నీళ్ళలోకి దిగింది. ఆ చప్పుడు వేరు. ముద్దగా పడితే దభీమంటుంది. తెరుచుకుంటే వాన మొదలైనట్టు చిటపటమంటుంది.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలీదు. పోలరాజు పడవలోంచి తెడ్డు పైకెత్తి ఊపాడు. వెనక థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, ముందు నది, మధ్యలో మోకాలి లోతు నీళ్ళలో నేను, ఒళ్ళంతా బురద. బతుకులో ఇంత సంతోషం ఎప్పుడూ పడలేదు.

అంకాలమ్మ మాత్రం, "లాగు, లాగు! చేపలు నిన్ను చూస్తా కూచోవు" అంది. నాలుగు చిన్న పరిగె చేపలు పడ్డాయి. అమ్మ పులుసు పెట్టింది. ముళ్ళు తప్ప ఏం లేవు అంటూనే రెండోసారి వేసుకుంది.

నవంబరు 9, ఆదివారం

అయ్యాయి. నిజంగానే ఇరవై నాలుగు పేజీలూ అయ్యాయి. మంచం నిండా పరిచి చూసుకున్నాను.

ఎక్కువ బాధ పెట్టింది అట్ట. పందొమ్మిదిసార్లు గీశాను. వల పళ్ళతో పట్టుకున్న పిల్ల మొదట్లో కొరికేదానిలా వచ్చింది, తర్వాత పంటి నొప్పి ఉన్నదానిలా. పందొమ్మిదో దాంట్లో కళ్ళలోకి వచ్చింది అంతా. నోరు వలకి ఇచ్చేశాక మనిషి కళ్ళతోనే చూడాలి, కళ్ళతోనే ఆశపడాలి.

పోయిన వారం రామకోటేశ్వరరావు గారు పెన్సిలు బొమ్మ చూసి, "నవ్వే మొహం లేకుండా పిల్లల పుస్తకానికి అట్ట వేస్తారా అమ్మా? ఎవరు కొంటారు?" అన్నారు. విసిరేటప్పుడు ఎవరూ నవ్వరండీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. చూద్దాం అని లేచి వెళ్ళిపోయారు.

అట్ట గొడవ సరే. వెనక అట్ట సంగతో?

నవంబరు 15, శనివారం

చెప్పేశాను.

ప్రెస్సులో ఆయన ఒక్కరే ఉన్నారు. బొమ్మలు ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూస్తున్నారు. ఏనుగు చెవి దగ్గర ఆగి గట్టిగా నవ్వారు. ఆ నవ్వు చూశాక ఇంకా కష్టమైంది. ఈ పుస్తకం ఆయన చేతిలోంచి జారిపోతే ఇంకో పుస్తకం నా చేత కాదని నాకు తెలుసు.

"సార్, వరదలో పోయినవి ఇరవై నాలుగు బొమ్మలు కాదండి. మూడు. పుస్తకం అప్పటికి లేదు. మీకు అబద్ధం చెప్పాను."

ఆయన చేతిలో బొమ్మ అలాగే ఉంది.

"మూడా?"

"రెండున్నరండి."

బొమ్మ బల్ల మీద పెట్టేశారు. అప్పుడు మొహం ఎర్రబడింది. ఆయనకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఈ కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పానమ్మా నేను! సింగ్‌నగర్ టీచరమ్మ, వరదలో పోయిన పుస్తకం మళ్ళీ గీస్తోంది, చూడండ్రా అని. మా మనవడు బడి మానేస్తానంటే వాడికీ అదే చెప్పాను!"

తప్పయిపోయిందండీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నాకే వినిపించింది.

బల్ల సొరుగు లాగి వెనక అట్ట కాగితం తీశారు. ఎర్ర పెన్నుతో ఆ మాటలన్నిటి మీదా అడ్డంగా కొట్టేశారు. పెన్ను మొన కాగితాన్ని చింపేసింది.

"మీ మీద జాలిపడి రెండు మడతలు వదిలేసేవాణ్ణేమో. ఇక లేదు. వచ్చే శనివారం పామర్రు. ఒక్క మడత పడినా ఈ పుస్తకం వేయను. ఇప్పుడు కాదు, ఇక ఎప్పటికీ కాదు."

సరేనన్నాను. మెట్లు దిగి వచ్చేశాను. కానీ ఒక విచిత్రం చెప్పాలి. ఏలూరు రోడ్డు మీదకి వచ్చేసరికి ఆకలేసింది. రెండు నెలల్నించి సరిగ్గా ఆకలి వేసిందే లేదు. బండి దగ్గర నిలబడి ఉల్లిపాయలతో మిరపకాయ బజ్జీలు నాలుగు తిన్నాను.

నవంబరు 16

చర్చికి వెళ్ళాను. చెప్పేశానని అమ్మకి రాత్రే చెప్పాను. ప్రార్థనలో పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. అంతే.

నవంబరు 22, శనివారం

పామర్రు నించి ఇప్పుడే వచ్చాం. పొద్దుటి నించి జరిగింది జరిగినట్టు రాయాలి, ఒక్కటి కూడా మర్చిపోకూడదు.

బస్సులో రామకోటేశ్వరరావు గారు నాకు రెండు సీట్లు ముందుకి వెళ్ళిపోయారు. కిటికీ పక్కన కూర్చుని కోతకొచ్చిన వరి చూస్తూ వచ్చారు. బడిలో తెరేసమ్మ గారు మాకు మజ్జిగ ఇచ్చారు. నేను గ్లాసు కిటికీలో పెట్టేశాను. ఇరవై ముగ్గురు పిల్లలు. వీళ్ళవన్నీ వరి చేలు, చెరకు తోటలు. వీళ్ళలో ఒక్కరు కూడా వల పట్టి ఎరగరు.

ఆయన వెనక బల్ల మీద కూర్చుని నమూనా ఒళ్ళో పెట్టుకున్నారు. బొటనవేలు పేజీ మూల మీదే ఉంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

తెరేసమ్మ గారు అట్ట చూపించారు. ఎవరూ నవ్వలేదు. ఒకడు, "దాని నోట్లో ఏంటి టీచర్?" అన్నాడు. "చూద్దాం" అన్నారావిడ.

ముద్ద వచ్చింది. కిచకిచ నవ్వులు. చీపురు వచ్చింది. అరటిగెల దగ్గర వెనక వరసలో వాళ్ళు లేచి నిలబడ్డారు. తిరగబడ్డ గొడుగుకి ఒక పిల్ల, "మా అమ్మ గొడుగు కూడా అంతే!" అని అరిచింది. నేను ఆయన బొటనవేలు తప్ప ఇంకేం చూడలేదు. కదల్లేదు.

ఏనుగు చెవి. ఇక్కడే నా భయం. అయిదో ఓటమి, పిల్లలు ఎంతసేపని ఓడిపోవడం చూస్తారు? గోడ మీద బల్లి కూడా ఉంది. ఆ బల్లిని నేను గుర్తుపట్టాను కూడా.

అప్పుడు తెరేసమ్మ గారు పుస్తకం బల్ల మీద పెట్టి, "అసలెలా పట్టుకుంది?" అని అడిగారు. నాకే ఏమైందో, తలుపు దగ్గర్నించి తరగతి మధ్యలోకి వచ్చేశాను. చున్నీ తీశాను. ఎడమ మోచేతి మీద కొంత వేసుకున్నాను, కుడి చేత్తో కొంత పట్టుకున్నాను, అంచు పళ్ళ మధ్య పెట్టుకున్నాను. నడుం తిప్పి విసిరాను. చున్నీ తెరుచుకుని నేల మీద పరుచుకుంది.

ముందు ఒక పిల్ల తన చొక్కా అంచు ఎత్తి పళ్ళతో పట్టుకుంది. తర్వాత దాని పక్కది. రిబ్బను పట్టుకున్నవాళ్ళు, చేతిరుమాలు పట్టుకున్నవాళ్ళు, ఏమీ దొరక్క పక్కవాడి చొక్కా కరిచినవాడు. ఇరవై ముగ్గురూ లేచి నిలబడ్డారు. గదిలో అలికిడి లేదు. ఉండటానికి ఒక్క నోరు ఖాళీగా ఉంటే కదా. అందరూ నడుములు తిప్పి నా వైపు చూస్తున్నారు, ఇప్పుడు వదలాలా అని కళ్ళతోనే అడుగుతున్నారు. ఆ కళ్ళు నేను పందొమ్మిదిసార్లు గీసిన కళ్ళు.

తెరేసమ్మ గారు నెమ్మదిగా చివరి పేజీలు తెరిచారు. రెండు పేజీల నిండా వల, నది మీద గుండ్రంగా. ఒక్కసారిగా అన్ని నోళ్ళూ వదిలాయి. ఆ కేక రోడ్డు మీద బస్సులో వాళ్ళక్కూడా వినిపించి ఉంటుంది.

నేను వెనక బల్ల వైపు తిరిగాను. మడతల కోసం.

నమూనా కింద పడి ఉంది. రామకోటేశ్వరరావు గారు నిలబడి ఉన్నారు. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఎడమ మోచేతి మీద కండువా, కుడి చేతిలో కండువా, కండువా అంచు పళ్ళ మధ్య. పిల్లలంతా విసిరేసినా ఆయన ఇంకా విసరలేదు. నడుం తిప్పి, నా వైపే చూస్తూ, ఎప్పుడు వదలాలో నేను చెప్పాలని ఆగి ఉన్నారు.

"ఇప్పుడు సార్!" అన్నాను.